కక్కు పోయిన కొడవలి

మొన్న ఎయిర్‌పోర్టులో నా సంచిలోంచి చిన్న కత్తెర బయటపడింది. పూలు కట్టుకునేటప్పుడు దారం తెంపుకునే కత్తెర, వేలెడంత కూడా ఉండదు. తనిఖీ చేసే అమ్మాయి "ఇది తీసుకెళ్ళనివ్వరమ్మా" అని మర్యాదగానే చెప్పి, పక్కనున్న గాజు డబ్బాలో పడేసింది. ఆ డబ్బా నిండా చాకులు, కత్తెర్లు, బ్లేడ్లు, గోళ్ళు తీసుకునే సామాను. ఎవరెవరివో అన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వెనకనున్నాయన "జర ముందుకు నడువుండ్రి మేడమ్" అంటున్నా నా కాళ్ళు కదల్లేదు. ఇనుమంతా ఒకచోట చేరితే నాకు దసరా గుర్తొస్తుంది. పైగా ఆ నేల మాది. తొండుపల్లి పక్కన మా చెలక ఉన్న చోటే ఇప్పుడు విమానాలు పరుగెత్తుతున్నాయి. అక్కడ జొన్న చేను ఉండేదని, కంది సాళ్ళ మధ్య నేను ఉడుతల వెంట పడేదాన్నని చెప్తే మా ఇంట్లో పిల్లలు నవ్వుతారు.

విమానంలో కూర్చున్నాక కూడా ఆ దసరానే తలుచుకుంటూ పోయాను. తలుచుకున్న కొద్దీ కడుపు మండింది. ఇన్నేళ్ళయినా ఆ మంట చల్లారలేదు. చల్లారాలని నేను పెద్దగా ప్రయత్నించనూ లేదు.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. దసరా ముందు రోజు పనిముట్లన్నీ కడిగేవాళ్ళం. ఎవరిది వారే కడగాలి, ఇంకొకరు ముట్టకూడదు. కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, దేవుని అర్రలో పరిచిన నల్ల గొంగడి మీద వరుసగా పెట్టాలి. బాపుది నాగలి కర్రు. అమ్మది పెద్ద కొడవలి. నాయనమ్మది కలుపు తీసే కుర్పి. ఆ వరుసలో సొంత పనిముట్టు పెట్టిన రోజునే పిల్లలు ఇంటి మనుషుల లెక్కలోకి వచ్చినట్టు. "వరుసల కలిసింది" అనేవారు. కలవని పిల్లలు గడప ఇవతల నిలబడి చూడాలి. నేను అన్నేళ్ళూ గడప ఇవతలే నిలబడి, ఆ గొంగడి మీద నాకెంత జాగా సరిపోతుందా అని కళ్ళతో కొలుచుకునేదాన్ని.

ఆ ఏడు నా వంతు వస్తుందని నాకు గట్టి నమ్మకం. ఎందుకంటే మా వసారాలో చూరుకు ఒక చిన్న కొడవలి వేలాడుతుండేది. అది నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళ నాయన చేయించి ఇచ్చింది. తల్లిగారింటి నుంచి తెచ్చుకుంది. పిడి అరిగి నున్నగా ఉండేది. అంచు పొడుగునా రంపానికి ఉన్నట్టు సన్నటి పళ్ళు. వాటినే కక్కు అంటారు. గడ్డి గానీ వరి గానీ పట్టు చిక్కి తెగేది ఆ కక్కుతోనే, లేకపోతే కొడవలి జారిపోతుంది. నాయనమ్మ తర్వాత దానితో మా మేనత్త కోసింది, పెళ్ళయి పోయేదాకా. ఆ తర్వాత ఎవరి చేతికీ సరిపోక చూరుకెక్కింది. ఇంట్లో ఇంక మిగిలిన ఆడపిల్లను నేను. నాది కాక ఎవరిదవుతుంది? పొద్దున లేచి ముఖం కడుక్కోకముందే దాన్నొకసారి చూసుకునేదాన్ని.

అంతకుముందు వానాకాలంలో మా మేనత్త చనిపోయింది. కాటేదాన్‌లో ఉండేవాళ్ళు. మామ అక్కడ ఒక చిన్న ఇనుప కార్ఖానాలో పని చేసేవాడు. ఒకటే గది, కిరాయిది. దసరా సెలవులకు మామ తన బిడ్డను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తెచ్చి మా ఇంట్లో దించిపోయాడు. నాకంటే కొంచెం చిన్నది. నాకు మరదలి వరస. నన్ను "వదినె" అనేది, నెమ్మదిగా, అరటిపండు ఒలిచినంత మెత్తగా. ఆ మెత్తదనం చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

అది వచ్చిన రోజు నుంచి మా ఇంట్లో సూర్యుడు దాని వైపునుంచే పొడిచాడు. జొన్నరొట్టె మీద నెయ్యి ముందు దానికి. పుంటికూరలో పైకి తేలిన నూనె దానికి. సత్తుపిండి ముద్దలో బెల్లం గడ్డ దొరికితే "పోరికి పెట్టు" అని నాయనమ్మ నా చేతిలోంచి తీసి దాని చేతిలో పెట్టేది. నాయనమ్మ పక్కన గోడ వైపు పడుకునే చోటు నాది. అక్కడ ఆవిడ చీర వాసన వచ్చేది, పొగాకు, గునుగు పూల పచ్చి, కొంచెం పేడ. ఆ చోటు కూడా దానికే పోయింది. నేను అమ్మ పక్కకు జరిగాను. అమ్మ దగ్గర సబ్బు వాసన తప్ప ఏమీ ఉండదు.

"తల్లి లేని పోరి, నీకేమాయెనే" అంటుండేది అమ్మ.

నాకేమవలేదు. నాకు తల్లి ఉంది, అదే నేను చేసిన తప్పు అయింది.

బతుకమ్మ రోజులు. మధ్యాహ్నం తిండయ్యాక నాయనమ్మ వసారాలో తాంబాలం ముందు కాళ్ళు చాపుకుని కూర్చుని పూలు పేర్చేది. మేమిద్దరం చెరో పక్క. నేను తంగేడు అందించాలి, అది గునుగు అందించాలి. నేను పొద్దున్నే గట్లు దిగి, చేతులు గీరుకుపోయి తెచ్చిన తంగేడు అడుగు వరుసలోకి పోయేది. అది నీడకు కూర్చుని రంగులో ముంచిన గునుగు పైకి కనబడేది. పూలు పేరుస్తూ నాయనమ్మ అమ్మవారి పుట్టుక చెప్పేది. ప్రతి ఏడూ చెప్పేదే, కానీ ఆ ఏడు దాని వైపు తిరిగి చెప్పింది.

"దున్నపోతు రాక్షసుడు తపస్సు జేసిండు. ఏం గావాలెరా అంటే, మగోడెవ్వడు నన్ను సంపొద్దు అన్నడు. మరి ఆడోళ్ల సంగతేందిరా అంటే నవ్విండు. ఆడోళ్లతోని నాకేం భయం అన్నడు. వరం దొరికినంక ఇగ జూడు, దేవుళ్లందర్ని ఇండ్లల్లకెళ్లి ఎల్లగొట్టిండు."

"దేవుళ్లకు కూడ ఇండ్లుంటయా అమ్మమ్మా?"

"ఉండయా మరి. ఇల్లు పోయినంక అందరికి కోపమొచ్చింది. ఆ కోపం వాళ్ల మొఖాలల్లకెళ్లి మంటలై బయటికొచ్చింది. మంటలన్ని ఒక్కతాన కూడినయ్. సూస్తుంటే సూస్తుంటే గా మంటల నడుమ ఒక ఆడామె నిలవడ్డది. శివుని మంట ఆమె మొఖం. యముని మంట ఆమె ఎంటికలు. విష్ణుమూర్తి మంట ఆమె చేతులు. బ్రహ్మ మంట ఆమె పాదాలు."

ఒక్కో దేవుడి పేరుకు ఒక్కో పూల వరుస తిప్పేది. తాంబాలంలో బతుకమ్మ నడుము దాకా లేచింది. అప్పుడు మా మరదలు గునుగు పూల కట్ట ఒళ్ళో పెట్టుకుని అడిగింది.

"మరి ఆమెకు అమ్మ లేదా?"

నాయనమ్మ చేతులు ఆగిపోయాయి. నేను కూడా ఆ ప్రశ్న అన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు.

"లేదు బిడ్డా. అమ్మ లేదు. ఉత్త చేతులతోని నిలవడ్డది. గందుకే అందరు ఇచ్చిండ్రు. శివుడు శూలమిచ్చిండు. విష్ణుమూర్తి చక్రమిచ్చిండు. ఇంద్రుడు వజ్రమిచ్చిండు. గాలిదేవుడు విల్లిచ్చిండు. హిమవంతుడు ఎక్కి తిరుగమని సింహాన్నిచ్చిండు. ఆఖరికి కుబేరుడు కూడ వచ్చి లొట్టి నిండ కల్లిచ్చిండు."

కల్లు మాట వచ్చినప్పుడు ప్రతి ఏడూ నవ్వేది. ఈసారి నవ్వలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించి లేచింది, చూరు దగ్గరికి పోయింది, చిన్న కొడవలి తీసింది. కొంగుతో దుమ్ము తుడిచి తెచ్చి దాని ఒళ్ళో పెట్టింది.

"మీ అమ్మ గిట్ల నీ అంతున్నప్పుడు దీంతోనే కోసింది. ఇయ్యాల్టి సంది నీది. దసరకు వరుసల పెట్టు."

నా చేతిలో తంగేడు రెమ్మ ఉంది. దాన్ని ఏం చేశానో గుర్తు లేదు. గొంతు మాత్రం లేచింది.

"నాయినమ్మా, శివుడు తన శూలమే ఇచ్చిండా? ఇచ్చేస్తే తనకు ఏం మిగిలింది?"

"అట్ల కాదే. తన శూలంలకెళ్లి ఇంకో శూలం తీసిచ్చిండు. తనది తనకే ఉండె."

"అయితే నువ్వు గూడ కొడవల్లకెళ్లి ఇంకోటి తియ్యి. నాకియ్యి."

నాయనమ్మ పెద్దగా నవ్వింది. "నేను దేవుణ్ణానే?" అంది. లోపల అమ్మ కూడా నవ్వింది. మా మరదలు నవ్వలేదు. కొడవలి పిడి పట్టుకుని, కక్కు మీద వేలు పెట్టి, అబ్బా అని తీసేసింది. ఆ పాటి తెలియని దానికి ఇచ్చారు.

మర్నాడు కళ్ళంలో మేమే అమ్మవారి ఆట కట్టాం. వాడలోని పిల్లలందరూ వచ్చారు. కొడవలి ఉంది కాబట్టి అమ్మవారు అదే అయింది, ఎవరూ ఓట్లేయలేదు. అమ్మవారికి చాలా చేతులుండాలి కదా, అందుకని దాని వెనక మేము ఒకరి వెనక ఒకరం నిలబడి చేతులు బయటికి చాపాం. నాకు వచ్చిన వేషం ఎడమ చెయ్యి. ముఖం కనబడదు. దాని జడలోని కొబ్బరినూనె నా ముక్కుకు తగులుతుంటే చీపురు పట్టుకుని నిలబడ్డాను. ఆ నూనె మా అమ్మ పెట్టింది. ఖాళీగా ఉన్న కుడి చేత్తో దాని చంకలో చక్కిలిగింతలు పెట్టాను. అమ్మవారు కిచకిచ నవ్వి కూలబడింది. వెనకున్న చేతులన్నీ దాని మీద పడ్డాయి. రాక్షసుడి వేషానికి కట్టేసిన మా బర్రె దుడ్డె బెదిరి తాడు తెంపుకుని జొన్నల్లో పడింది. నాయనమ్మ కర్ర పట్టుకుని వచ్చింది.

"పాలిచ్చేదాని బిడ్డను రాక్షసుణ్ణి జేస్తర్రా! దానికేం పాపం దెల్సు?"

తిట్లన్నీ నాకే. దాన్ని మాత్రం లేపి లంగాకంటిన గడ్డి దులిపింది.

పండుగ దగ్గర పడ్డాక మామ వచ్చాడు. కార్ఖానాలో మిషన్లకు పూజ చేస్తారు, పిల్లను ఒక్క పూట తీసుకుపోయి తెస్తానన్నాడు. అది కొడవలిని గుడ్డలో చుట్టుకుని వెంట తీసుకుపోయింది. ఆ పూట నాకు పండుగ ముందే వచ్చినట్టయింది. గోడ వైపు చోటులో మధ్యాహ్నం పూట కాసేపు పడుకున్నాను. నాయనమ్మ వచ్చి పక్కన ఒరిగి, "వచ్చిందా నీ రాజ్యం నీకు" అని నా వీపు గోకింది.

దసరా ముందు రోజు మామ దాన్ని మళ్ళీ దించాడు. సైకిల్ ఆగకముందే దూకి నా దగ్గరికే పరుగెత్తుకొచ్చింది.

"వదినె, సూడు! దీని అంచంత ఇరిగిపోయి గరుకు గరుకుగ ఉండె. బాపు పూజల ఉన్నడు గద, నేను సాన పట్టే తాతకిచ్చిన. చక్రం మీద పెట్టి నున్నగ జేసిండు."

గుడ్డ విప్పింది. కొడవలి తళతళ మెరుస్తోంది. అంచు మీద ఒక్క పన్ను లేదు. మా మరదలు పెరిగిన చోట ఇనుము మీద గరుకు కనబడితే తీసేయడమే పని. ఆ పిల్లకు అది కక్కు అని తెలియదు, ఆ సాన పట్టే ముసలాయనకు కొడవలి తెలియదు. ఇద్దరూ కలిసి ఎంతో ప్రేమగా దాన్ని చంపేశారు.

నాకెంత సంతోషమైందో చెప్పలేను. నా గుండెలో డప్పు మోగింది. ఇప్పుడు చూడాలి. నేను కుండ పగలగొడితే షంషాబాద్ దాకా వినబడేలా తిట్టే మనిషి నాయనమ్మ. తల్లిగారింటి కొడవలి ఇట్లా అయితే ఏమంటుంది? నేనే దాని చెయ్యి పట్టుకుని నీళ్ళ గోలెం దగ్గరికి తీసుకుపోయాను. పనిముట్లు కడుగుతున్నారు. చింతపండు పులుపు, తడి ఇనుము వాసన. నాయనమ్మ కొడవలి అందుకుంది. బొటనవేలు అంచు మీద నడిపింది. మళ్ళీ మొదటి నుంచి నడిపింది. కళ్ళు సరిగా కనబడక వేలితో వెతుకుతోంది. అమ్మ చూసి తల పక్కకు తిప్పుకుంది.

"మంచిగైందా అమ్మమ్మా?"

తిట్లు ఇప్పుడే మొదలవుతాయని నేను ఒక అడుగు పక్కకు జరిగాను.

"మంచిగైంది బిడ్డా" అంది నాయనమ్మ. "అమ్మవారి చేతుల ఖడ్గం గిట్లనే ఉంటది. ఇగ దాన్ని కడుగు."

అంతే. పసుపు రాయడం రాకపోతే తన చేత్తో దాని చెయ్యి పట్టుకుని రాయించింది. గొంగడి మీద, తన కుర్పి పక్కన, నేను కొలుచుకున్న జాగాలోనే పెట్టించింది. అందరి ఇనుమూ నల్లగా ఉంది, అదొక్కటే మెరిసింది. చూడ్డానికొచ్చిన వాడకట్టు ఆడవాళ్ళు "ఎవలిదే గంత మంచిగున్నది" అని అడిగారు. నేను గడప ఇవతల నిలబడి గారె తిన్నాను. ఉప్పు ఎక్కువైందని అమ్మతో అన్నాను. ఉప్పు సరిగానే ఉంది.

పండుగ అయ్యాక నాయనమ్మ దాని దగ్గర కొడవలి అడిగి తీసుకుంది, పిడి ఊగుతోంది బిగించుకొస్తానని. పిడి ఊగడం లేదు. నన్ను తోడు రమ్మంది. ఇద్దరం షంషాబాద్ దాకా నడిచాం. కమ్మరాయన కొలిమి ముందు కూర్చుని కొడవలిని వెలుతురుకు పట్టి చూశాడు.

"ఇగ కక్కు పట్టదమ్మా. మస్తు పలుచగైంది. కొడితే పగుల్తది. కొత్తది జేస్త, తీస్కపో."

"కొత్తది నాకెందుకయ్యా" అంది నాయనమ్మ.

తిరిగి వస్తూ బెంగుళూరు రోడ్డు పక్కన మోరీ గట్టు మీద కూర్చున్నాం. నాకు మిర్చి బజ్జీలు కొనిపెట్టింది. లారీలు పోతుంటే దుమ్ము లేస్తోంది. కొడవలి ఒళ్ళో పెట్టుకుని, పిడికి దగ్గరగా ఒకచోట వేలు ఉంచింది.

"మీ అత్త గీడ ఎక్కువ గుంజేది. ఎన్నిసార్లు జెప్పినా ఇనేది కాదు. గీడ కక్కు జర అరిగి, వేరేగ ఉండె. చీకట్ల పట్టుకున్నా తెలిసేది, గిది నా బిడ్డ కోసిన జాగ అని." కొంగు కళ్ళకు పెట్టుకుంది. "గది గూడ పాయె."

నాయనమ్మ ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. అత్త పోయినప్పుడు కూడా మా ముందు ఏడవలేదు. అయినా నా నోట్లోంచి వచ్చింది వేరే మాట.

"నాకిస్తే గిట్ల కాకపోవు."

"కాకపోవు" అంది.

అన్ని రోజులు నేను ఎదురుచూసిన మాట. బజ్జీ నములుతూ ఆగిపోయాను. ఆవిడ రోడ్డు వంకే చూస్తోంది.

"నీకిస్తే గిట్ల కాకపోవు బిడ్డా. నువ్వయితే పానం లెక్క సూస్కుంటుంటివి. నాకెర్కనే." కొడవలిని కొంగుతో తుడుస్తూ అంది, "అయినా మళ్ల ఇయ్యమంటే దానికే ఇస్త."

"ఎందుకు?"

"దానికెవరున్నరే? నీకు నేనున్న గద."

"నాకు నువ్వొద్దు. కొడవలే కావాలె."

నేను నిజంగానే అన్నాను. నాయనమ్మ కళ్ళు తుడుచుకుంటున్నదల్లా పకపక నవ్వింది. "మొండి పోరి" అని నా నెత్తి మీద ఒక్కటిచ్చి, తన చేతిలో మిగిలిన బజ్జీ కూడా నా నోట్లో కుక్కింది. కారానికి నా కళ్ళలో నీళ్ళొచ్చాయి. కారానికే అని ఆవిడకు చెప్పాను.

సెలవులయ్యాక మా మరదలు కొడవలిని గుడ్డలో చుట్టుకుని సైకిలెక్కి పోయింది. ఆ మరుసటేడు బాపు నాకు కొత్త కొడవలి చేయించాడు. నేనూ వరుసలో కలిశాను. ఎవరూ ఎవరిదని అడగలేదు. తర్వాత నాయనమ్మ పోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళకు చెలకలన్నీ పోయాయి, పనిముట్లు పోయాయి, గొంగడి పరచడానికి దేవుని అర్ర కూడా లేకుండా పోయింది. నా కొడవలి ఏ ఇల్లు మారినప్పుడు ఎక్కడ పోయిందో కూడా తెలియదు.

మా మరదలు ఇప్పుడు అత్తాపూర్‌లో ఉంటుంది, బాగానే ఉంది. దసరా పూట ఫోన్ చేస్తాను. కొడవలికి పసుపు రాసినవా అని అడుగుతాను. "రాసిన వదినె, మెరుస్తనే ఉన్నది" అంటుంది, అప్పటి లాగే మెత్తగా. వాళ్ళ కోడళ్ళు, మనవరాళ్ళు దాని చుట్టూ కూర్చుని అమ్మవారి పుట్టుక చెప్పించుకుంటారట. తను నాయనమ్మ చెప్పినట్టే చెబుతుందట, కల్లు లొట్టి దగ్గర నవ్వుతుందట. వింటుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది, ఇంత వయసొచ్చాక కూడా. ఎందుకు మండదు? నాయనమ్మ మా ఇద్దరికీ ఇచ్చింది. దానికిచ్చింది ఇంకా దాని ఇంట్లో ఉంది. "నీకు నేనున్న గద" అని నాకిచ్చింది పోయింది.